పునరుత్థానం నమ్ముతున్నా, సంతోషం మాత్రం రావట్లేదా? ఇలా చేసి చూడండి

ఈస్టర్ పొద్దున్న అందరూ "క్రీస్తు లేచెను, నిజముగా లేచెను" అంటుంటే మీరూ అన్నారు. పాటలు పాడారు, కనిపించిన వాళ్లందరికీ శుభాకాంక్షలు చెప్పారు. ఇంటికొచ్చి కాసేపు పడుకుని లేచేసరికి మళ్లీ పాత గొడవలే. తీరని అప్పు, మాట్లాడని తమ్ముడు, రేపటి ఆఫీసు టెన్షన్. పొద్దున్న అన్న మాటకీ ఈ బతుక్కీ ఏమైనా సంబంధం ఉందా అని లోపల ఎక్కడో చిన్న ప్రశ్న. ఎవరినైనా అడుగుదామంటే "నీకు విశ్వాసం తక్కువ" అంటారేమోనని భయం. చాలా ఏళ్లు నాదీ ఇదే పరిస్థితి, అందుకే రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. యేసు నిజంగా లేచాడా, దానికి ఆధారాలేంటి అనే వాదన ఇక్కడ చేయను, దాని మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది నమ్మేవాళ్లకి, నమ్మాలని ఉన్నవాళ్లకి, నమ్మకం తలలో ఉండిపోయి గుండెదాకా దిగనివాళ్లకి.

ముందు సంతోషాన్ని తెచ్చిపెట్టుకోవడం ఆపండి

మా నాన్న ఫిబ్రవరిలో పోయారు. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్‌లో వచ్చింది. ఆరాధనలో చుట్టూ అందరూ చప్పట్లు కొడుతూ పాడుతున్నారు, నేను పాటల పుస్తకం తెరిచి పట్టుకుని పెదాలు కదుపుతున్నానంతే, గొంతు రావట్లేదు. బయటికొచ్చాక ఒకాయన భుజం తట్టి, "ఇవాళ కూడా ఏడుపు మొహమేనా, సంతోషించాల్సిన రోజు కదా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, కానీ ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది. చివరికి ఒక రాత్రి, ఆయన మీద కోపంతోనే అనుకోండి, అసలు మొదటి ఈస్టర్ రోజున ఎవరెవరు సంతోషంగా ఉన్నారో చూద్దామని నాలుగు సువార్తలూ ముందేసుకుని కూర్చున్నాను.

దాదాపు ఎవరూ లేరు.

మార్కులో స్త్రీలు వణికిపోతూ సమాధి దగ్గర్నుంచి పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. మనకి దొరికిన బాగా పాత ప్రతుల్లో, అంటే 4వ శతాబ్దం నాటి సీనాయి, వాటికన్ ప్రతుల్లో, మార్కు సువార్త ఆ 8వ వచనం దగ్గరే అయిపోతుంది. భయం దగ్గరే. లూకాలో స్త్రీలు వచ్చి చెప్పింది అపొస్తలులకి వెర్రిమాటల్లా అనిపించింది. ఎమ్మాయుకి నడిచి వెళ్తున్న ఇద్దరూ, దారిలో కలిసిన మనిషి ఏంటి విషయం అని అడిగితే, దిగులు మొహాలతో నిలబడిపోయారు. మగ్దలేనే మరియ సమాధి బయట ఏడుస్తోంది, ఎదురుగా నిలబడ్డ యేసుని చూసి తోటమాలి అనుకుంది. మిగతా శిష్యులు తలుపులు మూసుకుని కూర్చున్నారు. మత్తయి ఒక్కడే స్త్రీలకి మహా ఆనందం కలిగిందని రాశాడు, అదీ భయంతో కలిసి. అదే అధ్యాయం చివర, గలిలయలో కొండ మీద యేసు కళ్లెదుట ఉండగానే కొందరు సందేహించారని కూడా దాచకుండా రాసేశాడు.

వీటన్నిట్లో నాకు బాగా దగ్గరైంది లూకా 24:41. యేసు వాళ్ల మధ్యకి వచ్చి నిలబడి చేతులూ కాళ్లూ చూపించాడు, అయినా వాళ్లు "సంతోషముచేత ఇంకను నమ్మక" ఉన్నారట. సంతోషం వల్ల నమ్మలేకపోవడం! ఆశ వదిలేసుకున్న మంచి వార్త ఎవరైనా చెబితే "ఊరుకో, జోకులేయకు" అంటాం చూడండి, అలా. దానికి యేసు వాళ్లని తిట్టలేదు, విశ్వాసం మీద క్లాసు పీకలేదు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేప ముక్క ఇస్తే వాళ్ల ముందే తిన్నాడు.

కాబట్టి మొదటి పని ఇది. ఆ రోజు ఉన్నవాళ్లలో మీరు ఎవరి పక్కన నిలబడతారో చూసుకోండి. పారిపోయిన స్త్రీలా, దిగులుగా ఊరు విడిచి వెళ్లిపోతున్న ఆ ఇద్దరా, తలుపు గడియ పెట్టుకున్నవాళ్లా? ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. సంతోషం వాళ్లలో ఎవరికీ ఇంట్లో కూర్చుని తెచ్చుకుంటే రాలేదు, ఉన్నచోటికే ఆయన వచ్చాడు. మీరు ఎక్కడున్నారో కనీసం మీకైనా తెలియాలి కదా.

మీరు నమ్ముతున్నది పునరుత్థానమేనా?

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నాను. పునరుత్థానం అంటే ఏంటి అని అడిగితే చాలామంది "చనిపోయాక ఆత్మ పరలోకానికి వెళ్తుంది" అంటారు. ఆత్మకి చావు లేదనే మాట ప్రపంచంలో ఎన్నో చోట్ల ఉంది, గ్రీకు తత్వవేత్తలకి అది కొత్తేమీ కాదు. పౌలు ఏథెన్సులో అరియోపగు సభ ముందు మాట్లాడుతుంటే వాళ్లు చాలాసేపు ఓపిగ్గానే విన్నారు. మృతుల పునరుత్థానం అనే మాట రాగానే కొందరు ఎగతాళి చేశారు. ఎందుకంటే ఆ మాట శరీరం గురించి. పాతిపెట్టిన ఈ మనిషినే దేవుడు లేపుతాడు, మార్చి లేపుతాడు, కానీ ఈ మనిషినే. చావుకీ ఆ రోజుకీ మధ్య ఏమవుతుంది అన్నదాని మీద సంఘాలు రకరకాలుగా బోధిస్తాయి, ఆ గొడవలోకి నేను వెళ్లను. అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంలో మాత్రం "శరీర పునరుత్థానము" అనే ఉంది.

దీనికీ సంతోషానికీ లంకె ఏంటంటే, శరీరం వట్టి పొట్టు అనుకుంటే మీరు ప్రేమించిన మనిషి గొంతు, నడక, నవ్వినప్పుడు కళ్ల పక్కన పడే ముడతలు, అవన్నీ ఆ పొట్టుతోపాటే పోయినట్టు లెక్క. అప్పుడు చావే గెలిచింది, మనం దానికో మంచి పేరు పెట్టుకున్నాం, అంతే. ఇక్కడి బాధల నుంచి తప్పించుకుంటాం అనుకుంటే ఊరట దొరుకుతుంది, నిజమే. ఊరట వేరు, సంతోషం వేరు. నాకు చాలా ఏళ్లు సంతోషం రాకపోవడానికి సగం కారణం ఇదేనని ఇప్పుడనిపిస్తోంది. నేను ఎదురుచూస్తున్నది మనుషుల కోసం కాదు, ఏదో తెల్లటి వెలుగు కోసం.

సరిచేసుకోవడానికి ఒక చిన్న పని ఉంది. 1 కొరింథీయులకు 15వ అధ్యాయం మొత్తం 58 వచనాలూ ఒకే కూర్చుబాటులో గొంతెత్తి చదవండి. పది నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆగి వ్యాఖ్యానాలు వెతకొద్దు. పౌలు ఇది రాసింది 55వ సంవత్సరం ప్రాంతంలో, సిలువ జరిగి ఇరవై, పాతికేళ్లు అయింది, లేచిన యేసుని ఒకేసారి చూసిన ఐదువందలమందికి పైగా ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు. తర్వాత విత్తనం సంగతి వస్తుంది. నువ్వు నాటేది వట్టి గింజ, మొలిచేది దాని రూపమే వేరు, కానీ ఆ గింజలోంచే. అక్కడ "ఆత్మసంబంధమైన శరీరము" అనే మాట దగ్గర చాలామంది జారిపోతారు. అది పొగలాంటి, గాలిలాంటి శరీరం అని కాదు. నేను అర్థం చేసుకున్నంతలో, దేవుని ఆత్మ నడిపించే శరీరం అని. గాలితో చేసినది అయితే చేప ముక్క ఎలా తింటుంది?

ఇంకో రెండు చోట్లు పక్కపక్కన పెట్టి చూడండి, నాకు ఇది చాలా సాయపడింది. యోహాను 11లో, చనిపోయాక యేసు బతికించిన లాజరు సమాధిలోంచి బయటికి వచ్చినప్పుడు కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టి ఉన్నాయి, ముఖానికి రుమాలు చుట్టి ఉంది. ఎవరో వచ్చి విప్పాలి. యోహాను 20లో పేతురు యేసు సమాధి లోపలికి వెళ్తే నారబట్టలు అక్కడే పడి ఉన్నాయి, తలకి కట్టిన రుమాలు వాటితో కలిసి లేదు, వేరుగా ఒక చోట చుట్టిపెట్టి ఉంది. లాజరు మళ్లీ చనిపోవాల్సిన మనిషి, ఆ గుడ్డలతో అతనికి ఇంకోసారి పని పడుతుంది. యేసుకి ఇక పని లేదు. తీసి చుట్టి పక్కన పెట్టేశాడు. హడావుడి లేదు, ఎవరో ఎత్తుకుపోయిన చోటులా లేదు, నిద్ర లేచి పక్క సర్దినట్టు ఉంది. ఆ చుట్టిపెట్టిన రుమాలుని ఒక ఐదు నిమిషాలు మనసులో అలా చూస్తూ కూర్చోండి. నాకు మొదటిసారి నవ్వొచ్చింది. ఈ విషయంలో నాకు వచ్చిన మొదటి నిజమైన సంతోషం అదేనేమో.

గాయాల సంగతి కూడా ఉంది. లేచిన శరీరానికి మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి, చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమాకి చూపించింది వాటినే. కావాలంటే మచ్చ కూడా లేని శరీరం ఆయనకి ఉండకూడదా? ఉంచుకున్నాడు. అంటే మన బతుకులో జరిగినదాన్ని దేవుడు తుడిచేసి కొత్త మనిషిని తయారు చేయడం కాదు ఇది.

లేచి నిలబడండి, ఉత్తినే

ఇప్పుడు నేను చెప్పే పని మీకు వింతగా అనిపిస్తుంది. ప్రార్థన నిలబడి చేయండి.

"పునరుత్థానం" అనే మాటని విడదీస్తే పునః, ఉత్థానం. ఉత్థానం అంటే లేచి నిలబడటం. ఉత్ తర్వాత ఉన్నది స్థా ధాతువు, స్థానం, స్థితి, స్థిరం అన్నిట్లో ఉండేదే. కొత్త నిబంధన గ్రీకులో దీనికి వాడిన మాట అనాస్తాసిస్. దాంట్లో ఉన్న 'స్తా' మన 'స్థా'కి దూరపు చుట్టమే, రెండిటి మూలం ఒకటే. ఇటు సంస్కృతం నుంచి వచ్చిన మన మాట, అటు గ్రీకు మాట, రెండూ చూపించేది ఒకటే బొమ్మ. పడుకున్న మనిషి కాళ్ల మీద నిలబడటం.

325లో నికేయలో జరిగిన మహాసభ గురించి వినే ఉంటారు, క్రీస్తు దైవత్వం మీద పెద్ద చర్చ జరిగింది అక్కడే. ఆ సభ 20 నియమాలు కూడా చేసింది. వాటిలో ఆఖరిది ఏంటంటే, ఆదివారాల్లోనూ, ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా ఉన్న రోజుల్లోనూ మోకరించకుండా నిలబడి ప్రార్థించాలని. అంత పెద్ద సభ కూర్చుని కాళ్ల గురించి నియమం పెట్టింది! మొదట చదివినప్పుడు చాదస్తం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, మనసు మాట వినని రోజున కాళ్లకైనా చెప్పొచ్చు కదా అనిపించింది. మోకరించడం తప్పని కాదు, దానికి దాని రోజులున్నాయి.

చేయాల్సింది ఇంతే. పొద్దున్న లేవగానే, ఫోన్ ముట్టుకోకముందు, మంచం పక్కన రెండు పాదాలూ నేల మీద గట్టిగా ఆనించి నిలబడండి. ఒళ్లు బరువంతా అరికాళ్లలోకి దిగడం గమనించండి. "ఆయన లేచాడు, నన్నూ లేపుతాడు" అని ఒక్కసారి పైకి అనండి. అంతే, వెళ్లి పళ్లు తోముకోండి. మొదటి రెండు వారాలు నాకు సిగ్గుగా, కొంచెం వెర్రిగా కూడా అనిపించింది, కొన్ని రోజులు నిలబడే కునుకు తీశాను. ఏదో అనుభవం కలుగుతుందని ఎదురుచూడకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లు, మంచం దిగలేనివాళ్లు తల ఎత్తినా చాలు, అరచేయి తెరిచినా చాలు. లేవలేని శరీరాన్ని లేపడమే కదా అసలు సంగతి.

చదివి చదివి విసుగు పుడితే ఒక బొమ్మ చూడండి. తూర్పు సంఘాలు, అంటే గ్రీకు, రష్యన్ లాంటి ఆర్థడాక్సు సంఘాలు, పునరుత్థానాన్ని ఎక్కువగా గీసే పద్ధతిలో ఖాళీ సమాధి ఉండదు. యేసు పాతాళం తలుపులు విరగ్గొట్టి, వాటి మీద నిలబడి, ఒక చేత్తో ఆదాముని, ఇంకో చేత్తో హవ్వని సమాధుల్లోంచి లాగుతుంటాడు. ఇస్తాంబుల్‌లో ఒకప్పటి కోరా చర్చిలో, ఇప్పుడది మసీదు, 14వ శతాబ్దం మొదట్లో గోడ మీద వేసిన బొమ్మ ఉంది, నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. చేతుల దగ్గర జూమ్ చేసి చూడండి. వాళ్ల అరచేతులు పట్టుకోలేదు ఆయన, మణికట్లు పట్టుకున్నాడు. అరచేయి అయితే ఇద్దరూ పట్టుకోవాలి. మణికట్టు అయితే అవతలివాడి చేతిలో బలం లేకపోయినా లాగొచ్చు.

ఒక్క రోజు కాదు, యాభై రోజులు

ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులూ చాలామంది శ్రద్ధగా పాటిస్తారు. ఉపవాసాలు, ప్రత్యేక కూటాలు, ఏడు మాటల ధ్యానం. ఈస్టర్ పండగ మాత్రం ఆ మధ్యాహ్నం భోజనంతో అయిపోతుంది. నలభై రోజులు బాధపడటం వచ్చు, యాభై రోజులు సంతోషించడం రాదు. పాతకాలపు సంఘ క్యాలెండరులో ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా యాభై రోజులూ పండగే. ఏడు వారాలు. వారానికి ఒక్క కథ చొప్పున తీసుకుని, అదే కథని వారమంతా రోజూ చదవండి. మార్కు 16లో మొదటి ఎనిమిది వచనాలతో మొదలుపెట్టి, తర్వాత యోహాను 20లో మరియ, లూకా 24లో ఎమ్మాయు దారి, అదే అధ్యాయంలో చేప ముక్క, మళ్లీ యోహాను 20కి వచ్చి తోమా, ఆ తర్వాత యోహాను 21, చివరి వారం 1 కొరింథీ 15. వరస మార్చుకున్నా పర్లేదు, హడావుడి పడకండి చాలు.

చదివేటప్పుడు "దీనివల్ల నేను నేర్చుకునే పాఠం ఏంటి" అని అడక్కండి. పాఠాలు వెతుకుతూ చదివితే కథ చచ్చిపోతుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, వాసన ఏంటి, వేళ ఏంటి, ఎవరి చేతిలో ఏముంది, ఇవి అడగండి.

యోహాను 21 తీసుకుందాం. ఏడుగురు శిష్యులు రాత్రంతా పడవలో వల వేశారు, ఒక్క చేప పడలేదు. తెల్లారుతుండగా ఒడ్డున ఎవరో నిలబడి, పడవకి కుడిపక్కన వేయండి అన్నాడు. వేస్తే లాగలేనన్ని చేపలు, తర్వాత లెక్కపెడితే 153. ఆయన ప్రభువేనని పక్కవాడు అనగానే పేతురు పైబట్ట బిగించుకుని నీళ్లలోకి దూకేశాడు. మిగతావాళ్లు వల లాక్కుంటూ వెనక వచ్చారు. ఒడ్డుకి చేరేసరికి అక్కడ నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. మరణాన్ని జయించి వచ్చినవాడు చేసిన పని చూశారా? పొద్దున్నే నిప్పు రాజేసి టిఫిన్ రెడీ చేశాడు. రాత్రంతా తడిసి, నిద్ర లేక, ఖాళీ వలతో విసిగిపోయిన మనుషులకి.

ఆ నిప్పుల దగ్గరే ఇంకాస్త ఆగండి. గ్రీకులో అక్కడ ఉన్న మాట ఆంథ్రకియా, బొగ్గుల మంట. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట రెండే చోట్ల ఉంది. ఒకటి ఇక్కడ. ఇంకోటి యోహాను 18:18లో, ప్రధాన యాజకుడి ఇంటి వాకిట్లో, చలి రాత్రి, పేతురు చలికాచుకుంటూ, తాను యేసు శిష్యుణ్ణి కానన్నచోట. తెలుగులో ఒకచోట మంట అనీ ఇంకోచోట నిప్పులు అనీ ఉండటంతో మనకి ఈ లంకె కనపడదు. పేతురుకి మాత్రం ముక్కుకి తెలిసి ఉంటుంది. తడి బట్టలతో ఒడ్డెక్కగానే అదే బొగ్గుల వాసన. తిన్నాక యేసు మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. మూడుసార్లు ఎరగనన్న మనిషికి మూడుసార్లు జవాబు చెప్పే అవకాశం దొరికింది, అదే మంట పక్కన. ఆ రాత్రి సంగతి ఎత్తకుండా వదిలేయొచ్చు. వదిలేయలేదు, అలాగని నిలదీయనూ లేదు. ముందు తిండి పెట్టాడు.

ఈ వారం చేయాల్సింది, మీ బొగ్గుల మంట ఏదో తెలుసుకోవడం. ఏ వాసన తగిలితే, ఏ గది గుర్తొస్తే మీకు తల దించుకోవాలనిపిస్తుందో అది. అక్కడికి ఆయన మీకంటే ముందే వచ్చి కూర్చున్నాడని ఊహించుకోండి. నాకు ఒక ఆసుపత్రి కారిడార్. నాన్న అడిగిన రోజున వెళ్లలేదు, పని ఉందని మర్నాడు వెళ్లాను. ఇంతకంటే ఎక్కువ రాయను.

ఎవరైనా పోయిన బాధలో ఉంటే

ముందు ఏడవండి. యోహాను 11లో యేసు లాజరు సమాధి దగ్గరికి వచ్చేటప్పటికే అతన్ని లేపబోతున్నానని ఆయనకి తెలుసు. అయినా "యేసు కన్నీళ్లు విడిచెను" అని ఉంది. అరగంటలో బతికి వస్తాడని తెలిసిన మనిషి కోసం ఆయనే ఏడిస్తే, మనం ఎప్పుడు చూస్తామో తెలియని మనిషి కోసం ఏడవడం విశ్వాసం తక్కువై కాదు. పౌలు థెస్సలొనీకయులకి రాసిన మాట కూడా దుఃఖపడొద్దు అని కాదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దు అని. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక మనవాళ్లు చావింటికి వచ్చి "మంచి చోటికే వెళ్లారు కదా, ఏడుపెందుకు" అంటుంటారు. మీరు మాత్రం ఎవరితోనూ అలా అనకండి, దయచేసి. పక్కన కూర్చోండి చాలు.

కాస్త ఓపిక వచ్చాక సమాధి దగ్గరికి వెళ్లండి. సమాధుల స్థలాన్ని ఇంగ్లీషువాళ్లు సెమెట్రీ అంటారు కదా, అది గ్రీకు కోయిమెతెరియోన్ నుంచి వచ్చింది, నిద్రపోయే చోటు అని అర్థం. సమాధుల స్థలాన్ని అలా పిలవడం అలవాటు చేసింది తొలినాళ్ల క్రైస్తవులు. రోములో వాళ్లు నేల కింద తవ్వుకున్న సమాధుల గోడల మీద యోనా బొమ్మలు, లాజరు బొమ్మలు గీసుకున్నారు. చేపలోంచి బయటపడ్డవాడు, సమాధిలోంచి నడిచొచ్చినవాడు. అంత చీకట్లో దీపం పట్టుకుని అవి గీయడానికి ఎవరో ఒకరు కూర్చున్నారు.

అక్కడ నిలబడి ఆ మనిషి పేరు పైకి అనండి. మరియకి యేసు తెలిసింది ఎప్పుడు? వివరించినప్పుడు కాదు, పేరు పెట్టి పిలిచినప్పుడు. తర్వాత "శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను" అని విశ్వాస ప్రమాణంలోని ఆ ఒక్క వాక్యం చదవండి. ఆరాధనలో గబగబా అనేసేదే, అక్కడ అంటే నోరు తిరగదు, అనుభవంతో చెబుతున్నాను. ఆపైన, మీకు తిరిగి కావాల్సిన ఒక్క సంగతి చెప్పండి. జ్ఞాపకాలు, విలువలు, ఆశీర్వాదాలు అని కాదు. శరీరానికి సంబంధించింది ఏదైనా. మా నాన్న బైబిలు పేజీ తిప్పేటప్పుడు బొటనవేలు నాలుక మీద తడి చేసుకునేవారు. ఆయన పుస్తకంలో పేజీల కింది మూలలన్నీ నల్లబడి మెత్తబడిపోయాయి. బాగా నలిగింది కీర్తనల దగ్గర, కొరింథీయులకు దగ్గర కాదు, అబద్ధమెందుకు. నాకు ఆ బొటనవేలు కావాలి. అదే చెప్పాను సమాధి దగ్గర, ప్రార్థన అంటే అదే. ఇలాంటిది అడగొచ్చని పునరుత్థానం ఒప్పుకుంటుంది. ఆ రోజు తిరిగొస్తుంటే దారిలో ఏడుస్తూనే ఉన్నాను, కానీ ఏడుపు కింద ఇంకేదో ఉంది, నేల కింద నీళ్లున్నట్టు. దానికి సంతోషం అనే పేరు పెట్టడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

సోమవారం పని

పౌలు 1 కొరింథీ 15ని ఎలా ముగించాడో చూడండి. కడబూర మోగుతుంది, మృతులు లేస్తారు, "ఓ మరణమా, నీ విజయమెక్కడ?" అని ఆకాశమంత ఎత్తుకి వెళ్లి, ఆఖరి వచనంలో ఒక్కసారిగా నేల మీదికి దిగుతాడు. కాబట్టి పని చేయండి, ప్రభువులో మీ ప్రయాస వ్యర్థం కాదు అంటాడు. ఆకాశం వైపు చూస్తూ కూర్చోమని అనలేదు.

అందుకని వారానికి ఒకటి, ఫలితం కనిపించని పని ఎంచుకోండి. ఎవరూ మెచ్చుకోనిది, ఫోటో తీసి పెట్టుకోలేనిది. మతిమరుపు వచ్చిన పెద్దావిడ దగ్గర గంటసేపు కూర్చోవడం, మీరు గడప దాటగానే మీరొచ్చిన సంగతే ఆవిడ మర్చిపోతుంది. మంచం పట్టినవాళ్లకి ఒళ్లు తుడవడం. మీరు నీడ చూడలేని చెట్టు నాటడం. మాట్లాడని తమ్ముడికి ఫోన్ చేయడం, ఎత్తకపోయినా. మామూలు లెక్కలో ఇవన్నీ దండగ పనులే. పునరుత్థానం నిజమైతే ఏదీ దండగ కాదు, ఆ తుడిచిన ఒళ్లే ఒకరోజు లేస్తుంది. ఈస్టర్ ఉత్సాహం ఆవిరైపోయే ఆ ఆదివారం మధ్యాహ్నమే ఇలాంటి పని పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇక్కడ సంతోషం పక్కదారిన వస్తుంది, దాని వైపు చూడకుండా పని చేసుకుంటున్నప్పుడు.

మీ ఒళ్లు కూడా లెక్కలోదే. మందులు వేసుకోండి, నిద్రపోండి. ఆధ్యాత్మికత పేరుతో ఒంటిని హింసపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

అనుమానాలు వస్తే

వస్తాయి. తోమా మిగతావాళ్ల మాట నమ్మనన్నాక ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజుల తర్వాత అతను ఎక్కడున్నాడో గమనించారా? వాళ్లతోనే, అదే ఇంట్లో ఉన్నాడు. వాళ్లు అతన్ని గెంటేయలేదు, అతనూ విసిగి వెళ్లిపోలేదు. మీరూ అంతే, ఒంటరిగా గదిలో కూర్చుని తేల్చుకోవాలని చూడకండి. ఆరాధనకి వెళ్లి పాడేవాళ్ల మధ్య ఊరికే నిలబడండి, పాట వాళ్లు పాడతారు. అనుమానం పోగొట్టుకోవడానికి రాత్రి పన్నెండింటి దాకా వీడియోల్లో వాదనలు చూడటం మాత్రం వద్దు, నిద్ర పాడవడం తప్ప ఒరిగేదేం లేదు. పక్కవాడి చప్పట్లతో మీ మనసుని కొలుచుకోవడం కూడా వద్దు. ఇంకోటి, శుక్రవారం నుంచి ఆదివారానికి దూకేయకండి. మధ్యలో ఒక శనివారం ఉంది, ఏమీ జరగని రోజు, సమాధి మూసే ఉన్న రోజు. కొంతమందికి ఆ శనివారం నెలల తరబడి నడుస్తుంది. అది కూడా అదే వారంలోని రోజే.

ఈ ఏడాది ఈస్టర్ అయిపోయింది కదా, ఇంక వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటున్నారేమో. తొలి క్రైస్తవులు ప్రతి ఆదివారం కూడుకున్నది ఆయన లేచిన రోజు అనే. రష్యన్ భాషలో ఆదివారాన్ని పిలిచే మాట వస్క్రెసేన్యె, పునరుత్థానం అని. కాబట్టి వచ్చే ఆదివారం సరిపోతుంది. బైబిల్లో మార్కు 16 దగ్గర గుర్తుకి ఏదైనా పెట్టి, రాత్రే మంచం పక్కన ఉంచుకోండి. పొద్దున్న లేచి, పాదాలు నేల మీద ఆనించి, నిలబడి ఎనిమిది వచనాలు చదవండి. స్త్రీలు భయపడి పారిపోయే దగ్గర ఆగిపోండి, తొమ్మిదో వచనంలోకి వెళ్లకండి. తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు, వాళ్లకి ఇంకా తెలియదు.